అరుదైన పేరు ఎంచుకునే ముందు: కియారా నుంచి బోధిసిరి దాకా

గుంటూరు, విజయవాడల్లో ఏ ప్రైవేటు బడిలోనైనా ఒకటో తరగతి హాజరుపట్టీ చదువుతుంటే ఆద్య, హాసిని, ఋత్విక్ వంటి పేర్లు రెండేసిసార్లు వినిపిస్తాయి. తమ బిడ్డ పేరు ఆ వరుసలో కలిసిపోకూడదని తల్లిదండ్రులు కోరుకోవడంలో వింతేమీ లేదు. ఆ కోరికతో ఇంటర్నెట్‌లో వెదికితే ఐర్లండు పేర్లు, జపాను పేర్లు, ఇరాను పేర్లు, ఎవరూ వినని సంస్కృతం పేర్లు వందలకొద్దీ దొరుకుతాయి. ప్రతి పేరు పక్కనా 'వెలుగు', 'దేవుడిచ్చిన వరం', 'యువరాణి' అన్న అర్థాల్లో ఏదో ఒకటి రాసి ఉంటుంది. వాటిలో చాలా అర్థాలకు ఆధారం లేదు. ఆధారం ఉన్నవాటిలోనూ కొన్ని మన వీధిలోకి వచ్చి మన నోట పలికేసరికి వేరే అర్థం ఇస్తాయి.

అందుకని పేర్లను పోల్చి చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా అభిప్రాయం. ఆ పేరు పుట్టిన భాషలో దాని మూలమేదో చూపించగలమా? మన ఊళ్ళో అమ్మమ్మ గట్టిగా పిలిచినప్పుడు పక్కింటివాళ్ళకు మరో మాటలా వినిపిస్తుందా? ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మనమెవరో తెలియని మనిషి చేత చదివిస్తే అదే పేరు బయటికి వస్తుందా? ఈ మూడింటిలో మొదటిదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. పలకడం కష్టమైన పేరును అలవాటు చేసుకోవచ్చు గానీ, 'నా పేరుకు అర్థమేమిటి' అని పదేళ్ళ పిల్ల అడిగినప్పుడు కల్పించి చెప్పిన జవాబు ఎక్కువకాలం నిలవదు.

సంస్కృతంలా వినిపించే పేర్లు

అన్నిటికంటే గిరాకీ ఉన్నది ఈ రకానికే కాబట్టి ముందు దీన్నే చూద్దాం. 'ఆరవ్' అంటే ప్రశాంతత అని పేర్ల జాబితాలు రాస్తున్నాయి. సంస్కృతంలో ఆరవమంటే శబ్దం, అరుపు, మోత. పక్షుల కలరవంలో ఉన్నదీ ఆ 'రవ'మే. రాత్రి రెండు గంటలకు ఇల్లంతా లేపే పసివాడికి ఆ పేరు చక్కగా నప్పుతుంది గానీ ప్రశాంతతకు, దానికి చుట్టరికం లేదు. 'రేయాంశ్' అంటే సూర్యకిరణంలోని అంశ అంటారు. రవి అంశ అని చెప్పదలిస్తే యణాదేశ సంధి జరిగి 'రవ్యంశ' అవుతుంది తప్ప రేయాంశ కాదు. కిరణమనే అర్థం కోసం ఇంగ్లీషు 'రే'ను తెచ్చి సంస్కృతపు 'అంశ'కు అతికించాలి. ఈ గొడవేదీ తెలియని తెలుగు తాతగారికి మాత్రం రేయి అంటే రాత్రి కనుక, మనవడు రాత్రిలో ఒక భాగమైపోతాడు.

'అనయ' పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. తనకన్నా గొప్పవారు లేనిదని దీనికి అర్థం చెబుతున్నారు. సంస్కృతంలో 'నయం' అంటే నీతి, మంచి నడవడి. 'అనయం' అంటే అది లేకపోవడం, అంటే దుర్నీతి. పాత తెలుగు కావ్యాల్లో మాత్రం 'అనయము' అంటే ఎల్లప్పుడూ అని అర్థం, అదొక్కటే ఆ పేరుకు ఊరట. 'తృష' అంటే దాహం. నిజానికి ఇది దోషం కాదు, జ్ఞానతృష్ణ అని సరిపెట్టుకోవచ్చు, అయితే ఆ సంగతి తెలిసి పెట్టుకోవాలి.

ఇంకొక చిక్కు ఇంగ్లీషు లిపి వల్ల వస్తుంది. దక్షిణాదిలో 'త'కు, 'ద'కు పక్కన హెచ్ అక్షరం చేర్చి రాసే అలవాటుంది. అందువల్ల మొదట ఇంగ్లీషులో పేరు నిర్ణయించుకుని తర్వాత తెలుగులోకి దించిన ఇళ్ళలో ఆద్య కాస్తా 'ఆధ్య' అయింది. ఆద్య అంటే మొదటిది, ఆదిశక్తి. ఆధ్య అనే రూపానికి ఆ అర్థం రాదు. జహ్నుమహర్షి కూతురిగా గంగకు వచ్చిన 'జాహ్నవి' అనే పేరు ఇదే దారిలో 'జాన్వి'గా అరిగిపోయి తన తండ్రిని పోగొట్టుకుంది. పిలుపులో ఎలా అరిగినా ఫరవాలేదు గానీ కాగితం మీద పూర్తి రూపం ఉండాలి.

సంస్కృతంలోనే అరుదైన పేరు కావాలంటే నిఘంటువు తెరవడం మేలు. 'అహన' అనే మాట ఋగ్వేదంలో ఉషస్సును గురించి వచ్చింది. తెల్లవారుజామున పుట్టిన ఆడపిల్లకు ఇంతకంటే పాత పేరు, ఇంతకంటే తేలికైన పేరు వెదకడం కష్టం. 'ఇరా' అనే రెండక్షరాల పేరు కూడా బాగుంటుంది. అమరకోశంలోని నానార్థవర్గం దీనికి భూమి, వాక్కు, సుర, నీరు అని నాలుగు అర్థాలు చెప్పింది. భూమి, వాక్కు, నీరు మూడూ పేరుకు పనికివచ్చేవే. మూడో అర్థమైన సురను తీసుకొచ్చి వేళాకోళం చేసేటంత అమరకోశం చదివిన బావమరిది ఇంట్లో ఉంటే ఆ వేళాకోళాన్నీ భరించవచ్చు. హీబ్రూలో ఈరా మగవాళ్ళ పేరనీ, మెలకువగా ఉండేవాడని దాని అర్థమనీ విదేశాలకు వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాలి.

రెండు భాషల్లో వినిపించేవి

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లలకు కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని తాతమ్మలు పేర్లు వెదికిపెట్టడం ఇప్పుడు మామూలైంది. అక్కడా ఇక్కడా చెల్లే పేరు కావాలన్నది వాళ్ళ షరతు. ఈ కోవలో పేరు రెండుచోట్లా ఏ అర్థమిస్తుందో పక్కపక్కన పెట్టి చూడాలి.

'కియారా'ను తీసుకుందాం. ఇటలీలో ఇది వెలుగు, స్వచ్ఛత అనే అర్థమున్న లాటిన్ 'క్లారా' నుంచి వచ్చిన పేరు. ఐర్లండులో ఇంచుమించు ఇవే అక్షరాలతో రాసే పేరొకటి ఉంది. అది నలుపును సూచించే 'కియర్' అనే మాట నుంచి వచ్చింది, దాన్ని అక్కడ 'కీరా' అని పలుకుతారు. అంటే ఒక దేశంలో వెలుగు, ఒక దేశంలో నలుపు, విజయవాడ పటమట రైతుబజారులో దోసకాయ. ఇటలీ పలుకుబడినే ఉంచి తెలుగులో 'కియారా' అని స్పష్టంగా రాసుకుంటే ఇది మంచి పేరే. కురచ చేసి 'కియా' అని పిలిస్తే మాత్రం పెనుకొండలో తయారయ్యే కారు గుర్తుకొస్తుంది.

'అన్యా' అనేది రష్యాలో అన్నా అనే పేరుకు ముద్దు రూపం. ఆ అన్నా హీబ్రూలో 'దయ' అనే మాట నుంచి వచ్చింది. సంస్కృతంలో 'అన్య' అంటే వేరొకతె, పరాయిది. ఆడపిల్ల ఎప్పటికైనా 'ఆడ' పిల్లే గానీ 'ఈడ' పిల్ల కాదని ఇప్పటికే సణిగే ముసలివాళ్ళున్న నేల మీద ఆడబిడ్డకు ఆ పేరు పెట్టడం నాకు నచ్చదు. దాని ముందు ఒక్క అక్షరం చేర్చి 'అనన్య' అంటే సాటిలేనిదని అర్థం వస్తుంది గానీ అది ఇప్పుడు అరుదైన పేరు కాదు.

'మీరా' మాత్రం నాలుగువైపులా నిలబడుతుంది. ఇక్కడ భక్తురాలి పేరు. స్లావ్ భాషల్లో 'మిర్' అంటే శాంతి, ప్రపంచం కూడా. లాటిన్‌లో అద్భుతమనే అర్థమున్న మాటకు దగ్గర. గుంటూరు ముస్లిం కుటుంబాల్లో మీరావలి అనే మగపేరు ఉంది, కాబట్టి ఆ వైపు నుంచి కూడా ఇది పరాయి శబ్దం కాదు. అరబ్బీ నుంచి వచ్చిన 'ఇనాయా' అంటే ఆదరణతో కనిపెట్టి చూసుకోవడం. ఇందాకటి అనయకూ దీనికీ పలకడంలో కొద్దిపాటి తేడా, అర్థంలో ఎంతో తేడా. రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్ళు ఇనాయాను ఎంచుకోవడమే మేలు.

తెలుగు చెవికి పనికిరాని పేర్లూ ఉన్నాయి. 'సారా' హీబ్రూలో రాజకుమారి. తెలుగులో ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలుగు బైబిల్‌లో ఆ పేరు 'శారా' అని ఉంది, ఆ రూపమే పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. 'నోరా' లాటిన్‌లో గౌరవమనే అర్థమున్న హొనోరా అనే పేరుకు కురచ రూపం. కానీ 'నోరా, వీపుకు దెబ్బలు తేకే' అనే సామెత ఉన్న భాషలో ఆ పేరు పెట్టుకున్న పిల్ల బడిలో ఎన్నిసార్లు ఆ మాట పడాల్సి వస్తుందో ఊహించుకోవచ్చు. 'జారా' అరబ్బీలో కాంతిని సూచించే జహ్రాకు దగ్గరి పేరు; అయితే జారుడు, జారత్వం వంటి మాటలు తెలిసిన పండితుల ఇంట్లో దాన్ని ప్రస్తావించడం కూడా కష్టం. లైలా అంటే అరబ్బీలో రాత్రికి సంబంధించిన మాట, అందమైన పేరు. కానీ 2010 మే నెలలో బాపట్ల దగ్గర తీరం దాటిన తుపాను పేరు కూడా లైలాయే. ఆ ఏడు పంట పోగొట్టుకున్న రైతు కుటుంబంలో ఆ పేరు ఎత్తితే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. 2013 నవంబరులో వచ్చిన తుపాను తర్వాత మచిలీపట్నం వైపు 'హెలెన్' అనే పేరుకూ ఇదే గతి పట్టింది.

దీన్నే తిప్పి చూస్తే, మన పేర్లు వాళ్ళ చెవికి ఎలా వినిపిస్తాయన్నదీ లెక్కలోకి తీసుకోవాలి. హర్షిత్, దీక్షిత్, అక్షిత్ వంటి పేర్ల చివరి అక్షరాలు ఇంగ్లీషు మాట్లాడే పిల్లల మధ్య అసభ్యమైన మాటలా వినిపిస్తాయి. బడి ఈడు పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు. ఉమ అంటే జపాను భాషలో గుర్రం. అది మాత్రం నవ్వి వదిలేయదగ్గ సంగతి.

కృష్ణా ఒడ్డున రష్యా పేర్లు

విదేశీ పేరు పెట్టుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కమ్యూనిస్టు ఉద్యమం బలంగా నడిచిన రోజుల్లో లెనిన్, స్టాలిన్ అనే పేర్లు కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లోకి వచ్చాయి. గాంధీ, బోసు, నెహ్రూ అనే ఇంటిపేర్లు ఇక్కడ పిల్లలకు పెట్టే పేర్లుగా మారాయి. విజయవాడ విశాలాంధ్ర దుకాణంలో సోవియట్ పుస్తకాల తెలుగు అనువాదాలు కొని చదివిన తరం తమ ఆడపిల్లలకు స్వెత్లానా, నటాషా, తాన్యా, సోన్యా అని పెట్టుకుంది. ఆ పేర్లు ఇప్పుడు మళ్ళీ అరుదైనాయి గనుక వాటిని పోల్చి చూడవచ్చు.

స్వెత్లానా రష్యన్‌లో వెలుగనే అర్థమున్న 'స్వెత్' నుంచి పుట్టింది. 19వ శతాబ్ది ఆరంభంలో రష్యన్ కవులు దానికి ప్రాచుర్యం తెచ్చారు. ఆ స్వెత్, మన 'శ్వేత' ఒకే మూలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. కాబట్టి శ్వేత మరీ మామూలు పేరనిపించినవాళ్ళకు స్వెత్లానా సరైన ప్రత్యామ్నాయం, అర్థం చెక్కుచెదరదు. నటాషా, తాన్యా, సోన్యాల సంగతి వేరు. ఇవి రష్యాలో నతాలియా, తత్యానా, సోఫియా అనే పూర్తి పేర్లకు ఇంట్లో పిలుచుకునే ముద్దు రూపాలు. వాటిని సర్టిఫికెట్‌లో రాయించడమంటే 'బుజ్జి' అని రాయించడమే. సోఫియా అంటే గ్రీకులో జ్ఞానం; ఆ అర్థం కావాలనుకునేవాళ్ళు కాగితం మీద సోఫియా అని రాసి ఇంట్లో సోన్యా అని పిలుచుకోవడం రష్యన్లు చేసే పద్ధతే. నతాలియాకు మూలం క్రీస్తు జయంతిని తెలిపే లాటిన్ మాట కనుక డిసెంబరులో పుట్టిన పిల్లకు బాగా నప్పుతుంది.

'నికిత'ను మనవాళ్ళు ఆడపిల్లలకు పెడుతున్నారు. రష్యాలో అది మగపేరు, సోవియట్ నాయకుడు నికితా క్రుశ్చేవ్ పేరు అదే. గ్రీకులో విజయమనే అర్థమున్న 'నీకే' అనే మాట అందులో ఉంది. ఆ మాట నుంచే నికొలస్, యూనికే, వెరోనికా అనే పేర్లూ వచ్చాయి. యూనికే అంటే శుభమైన విజయం, తెలుగు బైబిల్‌లోనూ ఉన్న పేరు. విజయవాడవాళ్ళకు విజయ, జయ అనే పేర్లతో విసుగొచ్చి ఉంటే, అదే అర్థంతో యూనికే అనే పేరు ఉన్నట్టు చాలామందికి తెలియదు. మగపిల్లవాడికైతే ఫార్సీలో విజయవంతుడనే అర్థమున్న 'ఫిరోజ్' ఉంది.

నక్షత్రాక్షరం దగ్గర తేలే పోలిక

పేరు ఎంత నచ్చినా పంచాంగం చూసే ఇంట్లో మొదటి అక్షరం కుదరాలి. అక్కడే మనవైన పేర్లకు కరువు వస్తుంది. హస్త మూడో పాదానికి 'ణ', నాలుగో పాదానికి 'ఠ' చెబుతారు. వాటితో మొదలయ్యే పేరు ఏ భాషలోనూ సులభంగా దొరకదు కనుక పురోహితులు రాశిని బట్టి మరో అక్షరం సూచించి సర్దుబాటు చేస్తారు. ఆశ్లేషకు డీ, డూ, డే, డో. తెలుగులో డకారంతో డమరుకం, డప్పు దొరుకుతాయి గానీ పిల్లలకు పెట్టే పేర్లు దొరకవు. విదేశీ పేర్లు నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. టర్కీలో సముద్రమనే అర్థంతో ఆడామగా ఇద్దరికీ పెట్టే 'డెనిజ్' ఆశ్లేష మూడో పాదానికి సరిపోతుంది. 'డోరా' గ్రీకులో కానుక. మన 'దానం' అన్న మాటకూ దానికీ మూలధాతువు ఒకటే. కాకపోతే కార్టూన్ బొమ్మ పేరు కూడా కావడం వల్ల పిల్లలు ఏడిపిస్తారు. పుష్యమి నాలుగో పాదానికి 'డా' వస్తుంది, అక్కడ 'డయానా' పెట్టుకోవచ్చు. రోమన్లు వేట దేవతకు పెట్టుకున్న ఆ పేరు ఆకాశాన్ని, దివ్యత్వాన్ని తెలిపే మూలం నుంచి వచ్చింది. మన 'దివ్య'దీ ఆ మూలమే.

జ్యేష్ఠకు నో, యా, యీ, యూ. నోరా వద్దన్నాం కాబట్టి 'నో' కోసం 'నోయా' చూడండి. బైబిల్ సంఖ్యాకాండంలో, తండ్రికి కొడుకులు లేనప్పుడు ఆస్తిలో వాటా తమకెందుకు రాదని మోషేను నిలదీసిన ఐదుగురు అక్కచెల్లెళ్ళలో ఒకామె పేరు నోయా. కదలిక అనే అర్థం చెబుతారు. ఆడపిల్లకు ఇంత గట్టి కథ ఉన్న పేరు అరుదు. జలప్రళయపు నోవహు వేరు, ఆయన పేరుకు అర్థం విశ్రాంతి. ఇంగ్లీషులో రెండూ దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి స్పెల్లింగు జాగ్రత్తగా ఎంచుకోవాలి. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చి లూథరన్ మిషన్ ప్రారంభించినప్పటి నుంచీ బైబిల్ పేర్లు ఈ ఊరికి సొంతమే. అందువల్ల నోయా ఇక్కడ ఎవరికీ మరీ విదేశీగా తోచదు.

కొందరికి అక్షరం కంటే నక్షత్రమే ముఖ్యం. కృత్తికలో పుట్టిన బిడ్డకు ఆ నక్షత్రం పేరే పెట్టాలనుకుంటే పోల్చడానికి మంచి వరుస ఉంది. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే ఆ చుక్కల గుంపే సంస్కృతంలో కృత్తిక, ఫార్సీలో పర్వీన్, అరబ్బీ మూలం నుంచి సురయ్యా, జపాను భాషలో సుబారు. ఇంగ్లీషు అక్షరాల నుంచి తిరిగి దింపుకుని 'క్రుతిక' అని రాయడం కంటే ద్విత్వం పోనివ్వకుండా కృత్తిక అని రాయడమే అందం. మగపిల్లవాడైతే సుబారు పనికివస్తుంది గానీ కియాకు చెప్పిన అభ్యంతరమే దీనికీ వర్తిస్తుంది, అదీ ఒక కారు పేరే.

దూరదేశాల పేర్లు

జపాను పేర్లలో అర్థం శబ్దంలో కంటే రాసే బొమ్మాక్షరంలో ఎక్కువ ఉంటుంది. 'యూకీ' అనే పేరు ఒక అక్షరంతో రాస్తే మంచు, మరో అక్షరంతో రాస్తే సంతోషం. తెలుగులో రాసిన యూకీకి ఆ రెండింటిలో ఏదీ రాదు, ధ్వని మాత్రమే మిగులుతుంది. ఐర్లండు పేర్ల కష్టం స్పెల్లింగుది. స్వేచ్ఛ అనే అర్థమున్న 'సీర్షా', కాంతి అనే అర్థమున్న 'నీవ్' తెలుగులో రాస్తే తేటగా ఉంటాయి, కానీ వాటి ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ఆ ఉచ్చారణ ఊహించడం ఇంగ్లీషువాళ్ళకే కష్టం. పరీక్ష హాలు నుంచి ఆసుపత్రి చీటీ దాకా అన్నీ ఇంగ్లీషులో నడిచే మన దగ్గర వాటిని నేను సిఫారసు చేయను.

ఆఫ్రికా పేర్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వాటిని పెట్టే పద్ధతి మనకు చాలా దగ్గర. నైజీరియాలోని యొరుబా ప్రజలు తాత పోయిన తర్వాత పుట్టిన మగపిల్లవాడికి 'బాబతుందే' అని పెడతారు, తండ్రి తిరిగి వచ్చాడని దాని అర్థం. అమ్మమ్మో నాయనమ్మో పోయాక పుట్టిన ఆడపిల్ల 'యెతుందే'. పురిటిలోనే పిల్లలు పోతున్న ఇంట్లో వాళ్ళు 'మళ్ళీ వెళ్ళిపోకు' అనే అర్థంతో మలోమో అనీ, 'ఉండి బతుకు అనుభవించు' అనే అర్థంతో దురోజయే అనీ పెడతారు. మన పెంటయ్య, పుల్లయ్య, పెంటమ్మ అనే పేర్ల వెనక ఉన్న భయమూ అదే: బిడ్డను పెంట మీదో ఎంగిలి విస్తళ్ళ మీదో పడుకోబెట్టి, ఎవరికీ అక్కర్లేని పేరు పెడితే మృత్యువు చూడకుండా పోతుందని. వాళ్ళు బతిమాలుకున్నారు, మనవాళ్ళు మృత్యువును మోసం చేయబోయారు. ఘనాలో వారం పేరు పెట్టే ఆచారముంది. శుక్రవారం పుట్టినవాడు కోఫీ, శనివారం పుట్టినవాడు క్వామే. ఐక్యరాజ్యసమితికి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్, ఘనా స్వాతంత్ర్య నాయకుడు క్వామే ఎన్‌క్రూమా పేర్లు అలా వచ్చినవే. కోఫీని ఇక్కడ పెట్టుకుంటే మొదటి రోజే కాఫీ అయిపోతుంది. క్వామే కొంత నయం.

ఇరాను పేర్లలో నేను ముందుంచేది 'అనాహిత'. అవెస్తా భాషలో మచ్చలేనిదని అర్థం, జలాలకు అధిదేవత. శుక్రగ్రహానికి ఫార్సీలో ఉన్న 'నాహిద్' అనే పేరు కూడా దీని నుంచే వచ్చింది. అవెస్తా సంస్కృతానికి దగ్గరి చుట్టం కావడం వల్ల ఈ పేరు మన నోటికి పరాయిగా ఉండదు. కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లకు నదీదేవత పేరు నప్పదని ఎవరూ అనలేరు.

ఊరి పొలిమేరలో ఉన్న అరుదైన పేర్లు

ఒక పేరు అరుదా కాదా అన్నది అది ఎక్కడ పలుకుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. మంగళగిరి పానకాలస్వామి వల్ల వచ్చిన పానకాలరావు, బాపట్ల, పొన్నూరుల వల్ల వచ్చిన భావనారాయణ, పెనుగంచిప్రోలు వల్ల వచ్చిన తిరుపతమ్మ మనకు పాతకాలపు పేర్లు. పుణెలోనో ఢిల్లీలోనో కళాశాల తరగతి మొత్తంలో అటువంటి పేరు మరొకటి ఉండదు. గుంటూరు కాలే మస్తాన్ దర్గా వల్ల ఇక్కడి హిందూ కుటుంబాల్లోనూ మస్తాన్‌రావు, మస్తానమ్మ అనే పేర్లు నిలిచాయి. ఫార్సీలో 'మస్త్' అంటే మత్తెక్కినవాడు, ఇక్కడ దైవప్రేమలో మత్తెక్కినవాడు. ఫార్సీ మాట, తెలుగు 'అమ్మ' కలిసిన ఇలాంటి పేరు కంటే విలక్షణమైనది ఏ వెబ్‌సైటులో దొరుకుతుంది? అచ్చంగా 'మస్తాన్' అని మాత్రమే పెట్టుకుంటే ఇప్పటి చెవికి కూడా బాగుంటుంది.

ఇంకా వెనక్కి వెళితే శాసనాలున్నాయి. నాగార్జునకొండలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలం నాటి ప్రాకృత శాసనాలు దానాలు చేసిన స్త్రీల పేర్లను పదిలంగా ఉంచాయి. అక్కడి మహాచైత్యమనే బౌద్ధస్తూపాన్ని పోషించింది రాజు సోదరి చాంతిసిరి. చైత్యగృహం వంటి కట్టడాలకు దానమిచ్చిన ఉపాసిక బోధిసిరి. రాణుల్లో బాపిసిరినిక, ఉజ్జయిని నుంచి వచ్చిన రుద్రధర భట్టారిక. వీటిలోని 'సిరి' శ్రీకి ప్రాకృత రూపం, ఇవాళ మన ఇళ్ళలో సిరి అని పిలుస్తున్నదీ అదే. బోధిసిరిని యథాతథంగా పెట్టుకోవచ్చు: అర్థం తేట, ఇంగ్లీషులో రాసినా తప్పు చదవరు, పిలవడానికి సిరి ఉంది. చాంతిసిరిని శాంతిశ్రీ చేస్తే సులువవుతుంది గానీ అరుదుదనం పోతుంది. బాపిసిరినికను చరిత్ర పుస్తకానికే వదిలేద్దాం.

మగపిల్లవాడికి అమరావతి స్తూపం ఒక పేరు ఇస్తుంది. నాగ ఉపాధ్యాయుడి కొడుకు, చర్మకారుడు విధికుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను అక్కడ దానమిచ్చాడని శాసనముంది. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో అమరావతి నుంచి తీసుకున్న పూర్ణఘటమే ఉంది. రాజు, మంత్రి కాకుండా చేతివృత్తి మనిషి పేరు రెండువేల ఏళ్ళకు చేరువగా నిలిచి ఉండటం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. అయితే 'విధిక' అని రాస్తే ఇవాళ అందరూ ఆడపిల్ల అనుకుంటారు. మగపిల్లవాడికి 'విధిక్' అని కుదించుకోవచ్చు, ఆడపిల్లకు పెట్టినా తప్పు లేదు.

రెండు పేర్లు మిగిలినప్పుడు

ఎంత వడపోసినా చివరికి రెండు పేర్లు మిగులుతాయి. కృత్తిక మొదటి పాదపు ఆడపిల్లకు అహన, అనాహిత మిగిలాయనుకుందాం. రెండింటికీ మూలం గట్టిదే, రెండూ మన నోటికి అనుకూలమే. ఇంటిపేరు పొడుగ్గా ఉన్నవాళ్ళు అహన వైపు మొగ్గడం మంచిది, ఎందుకంటే పాస్‌పోర్టులో, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు విడమరిచి రాయాల్సి వచ్చినప్పుడు గళ్ళు చాలవు. ఇంటిపేరు రెండు మూడు అక్షరాలదైతే అనాహిత నిండుగా ఉంటుంది. సంఖ్యాశాస్త్రం కోసం అదనంగా ఒక 'ఏ'నో 'హెచ్'నో చేర్చమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. ఆ అక్షరం ప్రతి దరఖాస్తులోనూ పిల్లను వెంటాడుతుంది. పెద్దల పేరు కలపాలన్న పట్టుదల ఉంటే కొత్త పేరు ముందు, నాయనమ్మ పేరు తర్వాత ఉంచితే బడిలో మొదటిదే పిలుస్తారు.

తొందరపడాల్సిన పనీ లేదు. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ ఆ నమోదు పేరు లేకుండానే జరగవచ్చు. 12 నెలల లోపు పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుముతో వీలుంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, అందులో పడిన స్పెల్లింగే మిగతా కాగితాలన్నిటిలోకీ పాకుతుంది. బారసాల నాటికి తేలకపోతే నక్షత్రనామం బియ్యంలో రాయించి, మిగిలిన రెండు పేర్లతో ఇంట్లో కొన్నాళ్ళు పిలిచి చూడండి. మున్సిపల్ కార్యాలయానికి వెళ్ళేటప్పుడు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పేరు స్పష్టంగా రాసిన కాగితం వెంట తీసుకెళ్ళి, ధ్రువపత్రం చేతికిచ్చిన వెంటనే కౌంటరు దగ్గరే నిలబడి రెండు లిపుల్లోనూ అక్షరం అక్షరం సరిచూసుకోండి.